కొత్త బ్యాటరీ వేసినా టక్కుమని ఊరుకున్న కారు

మే నెలలో కడపలో పొద్దున తొమ్మిది దాటితే స్టీరింగ్ ముట్టుకోలేం. ఎండ ముదరకముందే అమ్మకు ఒంటిమిట్ట రాముడి దర్శనం చేయించి వద్దామని ఆరింటికే బయల్దేరాం. ఎర్రముక్కపల్లెలో మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్ల దారి. అమ్మ కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. మళ్లీ టక్. అంతే.

పదేళ్ల పెట్రోలు కారు. బ్యాటరీకి మూడేళ్లు దాటాయి. మా ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయన్నది ఇక్కడ అందరికీ తెలిసిందే. పక్కింటాయన తన కారు తెచ్చి ఎదురుగా నిలబెట్టి జంపర్ కేబుల్ వేశాడు. ఎర్ర క్లిప్పు నా బ్యాటరీ ప్లస్‌కు పెట్టాడు. నల్ల క్లిప్పును మాత్రం మైనస్‌కు కాకుండా ఇంజన్ మీదున్న ఇనుప కొక్కేనికి తగిలించాడు. నిప్పురవ్వ వస్తే బ్యాటరీకి దూరంగా రావాలని అట్ల పెడతారు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది.

"ఏముందప్పా, బ్యాటరీ అయిపోయింది" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. గుడి మాట పక్కన పెట్టి నేరుగా షాపుకు పోయాను. పాత బ్యాటరీ వాళ్లకే ఇచ్చేసి, దానికిచ్చే తగ్గింపు పోను 4,600 కట్టి కొత్తది వేయించాను. ఆ నల్ల క్లిప్పు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు అప్సర సర్కిల్ దగ్గర పండ్లు కొని తిరిగొచ్చి తాళం తిప్పితే, టక్. వారం కూడా కాని బ్యాటరీ! రోడ్డు మీద పోయే కుర్రాళ్లు నలుగురు తోస్తే, సెకండ్ గేరులో క్లచ్ వదిలి ఎట్లో స్టార్ట్ చేసుకుని ఇల్లు చేరాను. అప్పుడు కూడా క్లచ్ పెడల్ బరువుగా ఉందనిపించింది. నెల రోజులుగా అట్లే ఉంది. బండికి వయసైంది కదా అని సరిపెట్టుకున్నాను.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో మల్టీమీటర్ ఉంది. ఈ మాట ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, ఎందుకంటే బ్యాటరీ కొనకముందు దాన్ని అరలోంచి బయటికే తీయలేదు. ఆ సాయంత్రం తీశాను. కొత్త బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. మా ఆవిడను తాళం తిప్పమన్నాను. టక్‌మన్నప్పుడు 12.1. హెడ్‌లైట్లు కూడా పెద్దగా మసకబారలేదు.

సరే, బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ మోటారు పోయిందని తేల్చేశాను. అది కూడా తప్పే. మీటర్‌లో కనబడిన అంకెనైనా సరిగ్గా చదివి ఉంటే తెలిసేది. సెల్ఫ్ తిరగడానికి వంద ఆంపియర్లకు పైనే కావాలి. అంత కరెంటు లాగితే మంచి బ్యాటరీ అయినా పది, పదిన్నర వోల్టుల దాకా దిగుతుంది. బాగా దిగజారితే బ్యాటరీ బలహీనమని అనుమానించాలి. నాది అంతగా దిగనే లేదు. అంటే కావాల్సినంత కరెంటు పారడం లేదు, దారిలో ఎక్కడో అడ్డం పడుతోంది.

మరునాడు ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అరవై దాటిన మనిషి. సెల్ఫ్ మోటారు విప్పుతాడేమో, మూడు నాలుగు వేలు పోతాయేమో అని నాకు టెన్షన్. ఆయన బానెట్ ఎత్తి, నా దగ్గరున్న జంపర్ కేబుల్‌లో నల్లది ఒక్కటే తీసుకున్నాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజన్ కొక్కేనికి తగిలించి, "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు.

ఒక్క దెబ్బకు స్టార్ట్.

"ఎర్త్ సార్" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు.

కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారినే ఎర్త్ అంటారు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి బాడీతో నేరుగా ఎర్త్ అందదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కు ఒక లావు వైరు వస్తుంది. హెడ్‌లైట్లు బాడీ ఎర్త్ మీద నడుస్తాయి, అందుకే అవి బాగానే వెలిగాయి. నా కారులో ఆ లావు వైరు బ్యాటరీ ట్రే కింద, పాత బ్యాటరీ యాసిడ్ కారినచోట, పచ్చగా చిలుము పట్టి రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. నేను కేబుల్ తీసేసి, మీటర్ ఒక మొన మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ మీద పెట్టి చూశాను. తాళం తిప్పితే ఏడు వోల్టులు! అర వోల్టు కూడా రాకూడని చోట. ఓమ్‌లో పదో వంతు నిరోధం చాలు, డెబ్బై ఆంపియర్లు పోవాలంటే ఏడు వోల్టులు అక్కడే ఖర్చు. ఏటా పదో తరగతి పిల్లలతో ఇదే లెక్క చేయిస్తాను.

పక్కింటాయన నల్ల క్లిప్పు ఇంజన్‌కు పెట్టడంతో ఆ రోజు చెడిన వైరును దాటేసి స్టార్ట్ అయింది. అది చూసి మేమిద్దరం బ్యాటరీని నిందించాం. డైనమో కరెంటు కూడా ఆ వైరు గుండానే బ్యాటరీకి తిరిగి రావాలి కాబట్టి, పాత బ్యాటరీ సరిగ్గా చార్జ్ అయి ఉండదు. ఒకవేళ చార్జింగ్ పెట్టించి ఉంటే ఇంకో ఏడాది నడిచేదేమో. కానీ అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో.

ఎలక్ట్రీషియన్ ఉన్నట్టుండి, "క్లచ్ గట్టిగా ఉందా సార్?" అని అడిగాడు. ఇంజన్ ఎర్త్ తెగితే కరెంటు దొరికిన దారిన పోతుందట, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న క్లచ్ కేబుల్ గుండా కూడా. విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్ గొట్టం వేడికి కరిగి తీగకు అంటుకుపోయింది.

ఎర్త్ వైరు 280, క్లచ్ కేబుల్ 650, కూలి 400. బ్యాటరీ ట్రే బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, ఎర్త్ బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి బిగించాడు. తర్వాత మైనస్‌కూ ఇంజన్‌కూ మధ్య కొలిస్తే 0.15 వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1.

ఆదివారం మళ్లీ ఆరింటికి బయల్దేరాం. నేను తాళం మీద చెయ్యి వేశానో లేదో, వెనకనుంచి అమ్మ, "నాయనా, ఆటోను పిలిచి ఉంచమంటావా?" అంది.