పక్కగాలిలో ఇంటి దారి

బేగంపేట విమానాశ్రయంలో ఉదయం ఏడున్నరకు, విమానం నడిపే మా మేనల్లుడు, అక్క కోసం నేను కొన్న టేబుల్ టాప్ గ్రైండరును తూకం వేసి, "మావయ్యా, ఇది రాదు" అన్నాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది. కంటి ఆపరేషన్ చేయించుకున్న బావగారిని చూడడానికి శ్రీకాకుళం వెళుతున్నాం. అక్క ఏడాదిగా అడుగుతున్న వస్తువు అది. నాలుగు సీట్ల విమానంలో నేను, వాడు, ఆ విమానంలో వాడితో పాటు భాగస్వామి అయిన స్నేహితుడు, ముగ్గురమే ఎక్కుతున్నాం. ఒక సీటు ఖాళీగా కనిపిస్తుండగా పన్నెండు కిలోల గ్రైండరుకు చోటు లేదంటే ఎవరికైనా ఎలా ఉంటుంది?

వాడు విసుక్కోకుండా కాగితం మీద లెక్క రాసి చూపించాడు. మా విమానం, సెస్నా 172, నేల విడిచేటప్పుడు మొత్తం బరువు 1,157 కిలోలు దాటకూడదు. ట్యాంకులు నిండుగా ఉంటే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది దాదాపు 245 కిలోలు, మేము ముగ్గురమే 225 ఉన్నాం, ఆపైన బట్టల సంచులు. ట్యాంకుల్లో అయిదు గంటలకు సరిపడా ఇంధనం ఉన్నప్పుడు, రెండున్నర గంటల విశాఖ ప్రయాణానికి కొంత తగ్గించుకుంటే ఏమవుతుందని అడిగాను. ఈ ఇంజనుకు కావలసిన ఆవ్‌గ్యాస్ అనే విమానపు పెట్రోలు అన్ని విమానాశ్రయాల్లోనూ దొరకదనీ, పైగా ఇది ఆషాఢమనీ, గాలి ఉన్న రోజున గ్రైండరు కోసం అరగంట ఇంధనం వదులుకోలేననీ చెప్పాడు. గ్రైండరు హ్యాంగరులోనే ఉండిపోయింది. రాజమండ్రి దాటేవరకు నేను సరిగా మాట్లాడలేదు.

అంతవరకు రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వెనకనుంచి పడమటి గాలి తోస్తుండగా, 5,500 అడుగుల ఎత్తున, గంటకు 250 కిలోమీటర్లకు పైగా పోయాం. తుని సమీపిస్తుండగా మొదలైంది. తూర్పు కనుమల మీదుగా వచ్చే గాలి శిఖరాలు దాటగానే, బండరాళ్ళ మీదుగా దూకిన ఏటినీరులాగా, ఇవతలి వైపున సుళ్ళు తిరుగుతూ కిందికి దిగుతుందట. ఆ సుళ్ళలో విమానం ఒక్కసారిగా జారి, మళ్ళీ లేచి, రెక్కలు అటూ ఇటూ ఊగుతుంటే నేను సీటు బెల్టును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మేనల్లుడు మాత్రం వేగం తగ్గించి, ప్రతి కుదుపునూ సరిదిద్దడానికి తొందరపడకుండా, రెక్కలు సమంగా ఉంటే చాలన్నట్టు నడిపాడు.

విశాఖలో విమానాశ్రయం నౌకాదళానిది. వాళ్ళ టవరు చెప్పినట్టే తూర్పుగా వెళ్ళి, హార్బరు వైపు తిరిగి, రన్‌వే 28 కు ఎదురుగా వచ్చాం. రన్‌వే పేరులోని అంకె దాని దిక్కును చెబుతుంది. 28 అంటే 280 డిగ్రీలు, ఇంచుమించు పడమర. గాలి మాత్రం నైరుతి నుంచి, ఎడమవైపు యారాడ కొండల మీదుగా వస్తున్నది. అప్పుడు నేను చూసింది నన్ను ఆశ్చర్యపరిచింది. మేం రన్‌వే వైపు సూటిగా పోతున్నాం, కాని విమానం ముక్కు రన్‌వే మీద లేదు, ఎడమకు, కొండల వైపు తిరిగి ఉంది.

చిన్నప్పుడు శాలిహుండం దగ్గర వంశధార దాటడం గుర్తుకొచ్చింది. ఏరు నిండుగా పారేటప్పుడు నావవాడు అవతలి రేవుకేసి నావను తిప్పేవాడు కాదు, ఎగువకు తిప్పేవాడు. నావ ఎగువకు చూస్తూనే ఏటవాలుగా జరిగి చివరకు సరిగ్గా రేవులోకే వచ్చేది. ఏడేళ్ళ నాకు అతను దారి తప్పుతున్నాడని భయం వేసి ఏడిస్తే, మా అమ్మ ప్రవాహానికి ఇవ్వవలసింది ముందే ఇస్తున్నాడని చెప్పింది. గాలికి మా వాడు ఇస్తున్నదీ అదే. అయితే నావ పక్కకు తిరిగి గట్టును తాకినా ఫరవాలేదు. విమానం చక్రాలు వంకరగా నేలను తాకితే పక్కకు ఒరిగిపోవచ్చు. అందుకని చివరి క్షణాల్లో ముక్కును రన్‌వేకు సూటిగా తిప్పి, గాలి వచ్చే వైపు రెక్కను కాస్త దించి, ముందుగా ఒక్క చక్రం మీద దిగాలి.

మేం దాదాపు రెండు వందల అడుగుల ఎత్తున ఉండగా పెద్ద విసురు వచ్చి ఎడమ రెక్కను ఎత్తేసింది, రన్‌వే మధ్యగీత మా కింద నుంచి పక్కకు జరిగిపోయింది. వాడు దాని వెంట పడలేదు. ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చి, ముక్కు పైకెత్తి, "గోయింగ్ అరౌండ్" అని, అంటే దిగకుండా మళ్ళీ పైకి పోతున్నామని, టవరుకు చెప్పాడు. గాలి 210 డిగ్రీల నుంచి 18 నాట్లు, విసుర్లు 26 అని టవరు బదులిచ్చింది. నాటు అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం. ఆ లెక్కన రన్‌వేకు అడ్డంగా తగిలే భాగమే 17 నాట్లు, విసుర్లలో 24. తయారీదారు ఈ విమానాన్ని దింపి చూపించిన పక్కగాలి 15 నాట్లే. అది చట్టం పెట్టిన హద్దు కాదు, వాడు తనకు పెట్టుకున్న హద్దు.

నేను ఇంకొకసారి ప్రయత్నించమన్నాను. ఇంటికి మరి వంద కిలోమీటర్లే ఉంది, కిటికీలోంచి హైవే కనిపిస్తున్నది. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ బాధపడుతున్నాను. "రాజమండ్రిలో రన్‌వే 23 మావయ్యా, ఈ గాలి అక్కడ దాదాపు ఎదురుగానే వస్తుంది" అని వాడు మెల్లగా చెప్పి, టవరు అనుమతితో వెనక్కి తిప్పాడు. ఏరు మరీ పొంగిన రోజున ఆ నావవాడు కూడా ఎవరెంత బతిమాలినా నావను గట్టుకు కట్టేసి, "ఈయేల కాదు" అనేవాడు. మేము రేవు దగ్గరి చెట్టు కింద అటుకులు తిని ఇంటికి తిరిగి వెళ్ళేవాళ్ళం.

అరగంట కిందట తోసిన గాలే ఇప్పుడు ఎదురై, రాజమండ్రి చేరడానికి గంటంబావు పట్టింది. అక్కడి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో విమానం ఎంత నెమ్మదిగా నేలను తాకిందంటే, దిగిందని నాకు కాసేపటికి గాని తెలియలేదు. ట్యాంకుల్లో ఇంకా గంటకు పైగా ఎగరగల ఇంధనం మిగిలింది. గ్రైండరు గురించి నేను పొద్దున్న చూపిన కోపం అక్కడ నిలబడినప్పుడు గుర్తుకొచ్చింది. రెక్కలకూ తోకకూ తాళ్ళు వేసి కట్టాక, విమానాన్ని తిరిగి హైదరాబాదు చేర్చడానికి స్నేహితుడు అక్కడే ఆగాడు.

స్టేషనుకు ఆటోవాడు ఆరువందలు అడిగాడు, అది అన్యాయమని ఇప్పటికీ అంటాను. రైలు విశాఖలో దిశ మార్చుకుని బయలుదేరేసరికి చీకటి పడింది. ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలో ఇల్లు చేరేసరికి పదిన్నర. నల్ల కళ్ళద్దాలతో అరుగు మీద కూర్చున్న బావగారు, పెరట్లో కొబ్బరి మట్టల చప్పుడు వింటూ, "విమానం గట్టిగా కట్టీసినారా?" అని కొడుకును అడిగారు. వాడు ఏ తాడు ఎక్కడ వేశాడో ఒక్కొక్కటీ చెప్పాడు. అక్క అన్నం వడ్డించింది. గ్రైండరు సంగతి నేను మర్నాడు పొద్దున్న చెప్పాను.