మా స్కూల్ కొత్త బ్లాకు డ్రాయింగ్ తిప్పించడానికి ఎనిమిది నెలలు – నా అనుభవం

ఇది రాయాలని చాలా రోజుల్నించి అనుకుంటున్నా, ఎందుకంటే స్కూల్ గదుల్లో వేడి తగ్గించే పని మేం మొదలుపెట్టినప్పుడు ఎవర్ని అడగాలో, ఏ కాగితం ముందు పట్టుకోవాలో చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. మా పాప చదివేది గవర్నమెంట్ స్కూల్లో, క్లాసు పై అంతస్తులో, మధ్యాహ్నం రెండు దాటితే ఆ గదిలో ఉండలేం. రోజూ ఇంటికొచ్చి తలనొప్పి అనేది. నీళ్ళు సరిగ్గా తాగట్లేదేమో అనుకున్నా. ఒకసారి పేరెంట్స్ మీటింగ్ ఆ గదిలోనే పెట్టారు, గంట కూర్చునేసరికి నాకే తల పట్టేసింది, అప్పుడు తెలిసింది అది పిల్ల సమస్య కాదు, బిల్డింగ్ సమస్య అని.

స్కూల్ కమిటీలో చేరా. మొదటి మీటింగ్‌లో అందరం ఒకే మాట, సోలార్ పెట్టిద్దాం అని. హెడ్మాస్టర్ మేడమ్ అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు, "సోలార్ పెడితే గది చల్లబడుతుందా అండీ?" అని. ఎవరి దగ్గరా సమాధానం లేదు. నిజమే కదా, స్లాబు కింద వేడెక్కిన గాలినే ఫ్యాను తిప్పితే ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తే పిల్లలకి ఒరిగేదేముంది. ఆ రోజు నుంచి మా వరస మారిపోయింది, ముందు వేడి రాకుండా చూడటం, తర్వాత గాలి, తర్వాత ఫ్యాన్లు లైట్లు, అన్నిటికంటే ఆఖర్న సోలార్.

ఇక కొలతలు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు కావాలనుకున్నాం, తీరా చూస్తే బిల్లులు స్కూల్‌కే రావు, పై ఆఫీసుకి పోతాయి, అవి తెచ్చుకోడానికే నెల పట్టింది. ఇక్కడే నాకు అసలు చిక్కు అర్థమైంది. బిల్డింగ్ కట్టే ఆఫీసు ఒకటి, బిల్లు కట్టే ఆఫీసు ఇంకోటి, ఆ వేడిలో కూర్చునేది మాత్రం పిల్లలు. మంచి రూఫ్ వేస్తే తగ్గే బిల్లు వేసినవాళ్ళకి కనబడదు, అందుకే ఎవరికీ తొందర లేదు.

బిల్లుల్లో ఇంకో సంగతి బయటపడింది, సెలవుల నెలలో కూడా మామూలు నెలలో మూడో వంతు యూనిట్లు కాలాయి. స్కూల్ మూసుంటే ఎవరు వాడారు? వెతికితే ట్యాంకు ఓవర్‌ఫ్లో అవుతూ మోటారు ఆటోమేటిక్‌గా తిరుగుతూనే ఉంది, వాటర్ కూలర్ ప్లగ్గు తియ్యలేదు, కంప్యూటర్ రూమ్ యూపీఎస్ ఆన్‌లోనే ఉంది. ఫ్లోట్ వాల్వు మార్చి, సెలవులకి తాళం వేసే ముందు ఏమేం ఆపాలో మెయిన్ స్విచ్ పక్కన రాసి అంటించాం. మీరు ఇంకేం చెయ్యలేకపోయినా సెలవుల నెల బిల్లు మాత్రం ఒకసారి తీసి చూడండి.

తెలిసినవాళ్ళ ల్యాబ్ నుంచి దూరం నుంచే ఉపరితలం వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, కార్బన్ డయాక్సైడ్ మీటరు అరువు తెచ్చుకున్నా. మధ్యాహ్నం మూడింటికి పైగది స్లాబు అడుగున 43 డిగ్రీలు, అదే టైముకి బయట చెట్టు నీడలో 37. కాంక్రీటు పొద్దుట్నించి వేడి తాగి తాగి మధ్యాహ్నం దాటాక కిందకి వదుల్తుంది, అంటే సరిగ్గా చివరి పీరియడ్లకి. కార్బన్ డయాక్సైడ్ బయట సుమారు 420 పీపీఎం (అంటే పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు) ఉంటుంది, రోడ్డు చప్పుడుకి కిటికీలు వేసేసిన మా క్లాసులో పీరియడ్ అయ్యేసరికి 1900. అది విషం కాదు, కానీ గాలి మారట్లేదు, ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తున్నారు అని దానర్థం. గోడ పైన వెంటిలేటర్లు ఉన్నాయి, ఎప్పుడో అట్టముక్కలు పెట్టి మూసేసి వాటి మీద సున్నం కూడా కొట్టేశారు. అవి తీయించి దోమల మెష్ కొట్టించాం, మర్నాడు అదే క్లాసు, అదే పిల్లలు, 900 దాటలేదు.

ఇంతలో నాలుగు కొత్త గదులు శాంక్షన్ అయ్యాయని తెలిసింది. సంతోషంగా డ్రాయింగ్ అడిగి చూస్తే పొడుగు గోడ, కిటికీలు అన్నీ పడమరకి. గేటుకి ఎదురుగా బాగుంటుందని అలా పెట్టారట. పడమటి ఎండ ఏటవాలుగా కిందనుంచి వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. పొడుగు గోడలు ఉత్తరం దక్షిణం వైపు ఉంటే నెత్తిమీది ఎండకి చిన్న సన్‌షేడ్ చాలు, వెలుతురు వస్తుంది, వేడి రాదు. సైన్స్ సార్ పిల్లలతో గ్రౌండ్‌లో కర్ర పాతించి పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి నీడ ఎక్కడ పడుతుందో ముగ్గుతో గీయించారు, వారం రోజుల గీతలు కాగితం మీదకి ఎక్కించాం.

ఇంజనీర్ గారు "ఇది టైప్ డిజైన్ అండీ, మార్చడం నా చేతిలో లేదు" అన్నారు, అంటే అన్ని స్కూళ్ళకీ వాడే ఒకే నమూనా అన్నమాట. రెండు నెలలు అదే మాట మీద ఆగిపోయాం. తర్వాత ఆ డిజైన్ కాగితాలన్నీ కూర్చుని చదివితే తేలిందేంటంటే టైప్ డిజైన్ అనేది గది లోపలి కొలతలకే, స్థలంలో దాన్ని ఏ దిక్కుకి పెట్టాలన్నది సైట్ ప్లాన్, అది ఆ ఆఫీసు స్థాయిలోనే మార్చొచ్చు. మేం డిజైన్ మార్చమని అడగాల్సిన పనే లేదు, తిప్పమంటే చాలు!

అయినా మా అప్లికేషన్ రెండుసార్లు వెనక్కొచ్చింది, తప్పు మాదే. దిక్కు మార్చడం, సోలార్, వాన నీటి గుంట, రూఫ్ ఇన్సులేషన్ అన్నీ ఒకే లెటర్‌లో పెట్టాం, ఎస్టిమేట్ దాటుతుందని మొత్తానికే పక్కన పెట్టేశారు. మూడోసారి మూడు కాగితాలు చేశాం. అసలు ఖర్చే లేనివి ఒకటి, అంటే బ్లాకు తిప్పడం, ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటర్లు. ఉన్న ఎస్టిమేట్‌లోనే సరిపోయేవి ఒకటి, తెల్ల రూఫ్, సన్‌షేడ్లు. తర్వాత అడిగేవి ఒకటి. కమిటీ తీర్మానం, మా రీడింగుల పట్టిక, నీడ గీతల కాగితం జతచేశాం. వాటితోపాటు 2020లో అమెరికా ఎకనామిస్టులు ప్రచురించిన స్టడీ గురించి ఒక పేజీ, కోటి మంది పిల్లల పరీక్ష మార్కులు చూసి ఏసీ లేని స్కూళ్ళలో ఆ చదువు సంవత్సరం ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కితే నేర్చుకునేది సుమారు 1 శాతం తగ్గుతుందని తేల్చింది. ఖర్చు లేని కాగితం మీద పదిహేను రోజుల్లో సంతకం అయ్యింది.

కమిటీలో పెద్దవాళ్ళకి మాత్రం స్టడీ కంటే ఒక ఫోటో బాగా పనిచేసింది. పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లెలో 2001లో కట్టిన ప్రైమరీ స్కూల్ అది. ఆ ఊళ్ళోనే పుట్టిన ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కేరే ఊరివాళ్ళతో కలిసి మట్టి ఇటుకలతో కట్టించాడు, రేకుల కప్పుని సీలింగ్‌కి అంటకుండా పైకి ఎత్తి పెట్టాడు, మధ్య ఖాళీలోంచి వేడి గాలి పోతుంది, ఏసీ లేదు. 2022లో ఆయనకి ప్రిట్జ్కర్ ప్రైజ్ వచ్చింది, ఆర్కిటెక్టులకి ఇచ్చే పెద్ద బహుమతి అది. అంత ఎండ దేశంలో, అంత తక్కువ డబ్బుతో అయింది కదా అని మా పెద్దాయన ఒకరు ఆ ఫోటో ప్రింట్ తీయించి ఆఫీసు చుట్టూ తనే తిరిగారు, ఆయనకి నేనెప్పటికీ రుణపడి ఉంటా.

పాత బ్లాకు రూఫ్‌కి తెల్ల కోటింగ్ మొదటిసారి ఘోరంగా పోయింది. కాంట్రాక్టరు పాచి కడగకుండా, పగుళ్ళు పూడ్చకుండా వేసేశాడు, మొదటి వానకే పొరలు పొరలుగా లేచిపోయింది. రెండోసారి ప్రెషర్‌తో కడిగించి, పగుళ్ళు నింపి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేయించాం, నేను, ఇంకో నాన్నగారు పక్కనే నిలబడ్డాం. ఆ తర్వాత మూడింటి రీడింగ్ 43 నుంచి 36కి వచ్చింది. దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది, కాబట్టి ఏడాదికోసారైనా కడగాలి, ఇది ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి.

ఫ్యాన్ల టెండర్‌లో ఉత్త "సీలింగ్ ఫ్యాన్" అని రాస్తే తక్కువ ధరకి ఏదొస్తే అదే వస్తుంది. వాట్స్ ఎంత దాటకూడదో, గాలి ఎంత ఇవ్వాలో రెండూ రాయాలి. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. మాకు 24 ఫ్యాన్లు, రోజుకి ఏడు గంటలు, అంటే రోజుకి ఏడున్నర యూనిట్లు మిగులు, 200 పని దినాలకి 1500 యూనిట్లు. ఇదే లెక్క బిల్లు కట్టే ఆఫీసుకి పంపితే వాళ్ళే ఫ్యాన్లకి ఒప్పుకున్నారు. వాడకం తగ్గాక చూస్తే సోలార్ ముందనుకున్న 5 కిలోవాట్లు అక్కర్లేదు, 3 చాలు. మంచి ఎండలో కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి, సెలవుల్లో స్కూల్ మూసుంటుంది కాబట్టి నెట్ మీటర్ (మిగిలిన కరెంటు లైనుకి పంపితే దాన్ని లెక్కకట్టే మీటరు) లేకపోతే బాగా ఎండకాసే రోజుల కరెంటంతా వృథా.

కొత్త గదుల్లో క్లాసులు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడు దాకా లైటు వెయ్యట్లేదు, బోర్డు మీద ఎండ మెరుపు కూడా లేదు. అరువు తెచ్చిన కార్బన్ డయాక్సైడ్ మీటరు తిరిగిచ్చేశాక సైన్స్ సార్ స్కూల్‌కి ఒకటి కొనిపించారు, ఏడో క్లాసు పిల్లలు పీరియడ్‌కోసారి చూసి బోర్డు మూల రాస్తారు, వెయ్యి దాటితే లేచి వాళ్ళే కిటికీ తీస్తారు. మా పాప ఇప్పటికీ పాత బ్లాకు పైగదిలోనే, తలనొప్పి అని చెప్పి మాత్రం చాలా రోజులైంది. నెట్ మీటర్ ఫైలు ఇంకా కదల్లేదు, ఈ సోమవారం మళ్ళీ వెళ్తున్నా.