హీరోలు ఎక్కే కారవాన్ కాదు మావయ్యా

సెలవుకి వైజాగ్ వస్తే మల్కాపురంలో మా వీధిలో ఎవరింటికెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. "ఆస్ట్రేలియాలో ఏటి చేస్తున్నావురా?" సాఫ్ట్‌వేర్ అంటే అక్కడితో అయిపోను. కారవాన్లు తయారు చేస్తానన్నాను. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏ హీరోకి చేశావు?"

మనకి కారవాన్ అంటే షూటింగు దగ్గర ఆగి ఉండే ఏసీ బస్సే. నేను చేసేది అది కాదు. దీనికి ఇంజిన్ ఉండదు, స్టీరింగు ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. అమెరికాలో దీన్నే ట్రావెల్ ట్రెయిలర్ అంటారని కూడా చెప్పి చూశాను. "ట్రెయిలరా? ఏ సినిమాది?" అన్నాడు.

లోపల మంచం, పొయ్యి, సింకు, ఫ్రిజ్, కొన్నిట్లో బాత్రూము. రిటైరైన మొగుడూ పెళ్లాం ఇంటికి తాళం వేసి ఇందులో నెలల తరబడి దేశం చుట్టి వస్తారు. వాళ్లని అక్కడ గ్రే నోమాడ్స్ అంటారు, తల నెరిసిన సంచారులన్నమాట. "కాశీకి పోయినట్టా?" అంది అమ్మ. ఇంచుమించు అంతే, కాకపోతే చివర్న కాశీ ఉండదు.

నేను ఈ పని కోసం వెళ్లలేదు. మా ఆవిడ నర్సు. వీసా ఆమెది, ఆమె వెంట సూట్‌కేసులతో పాటు నేనూ. కంచరపాలెం ఐటీఐలో వెల్డింగు, షిప్‌యార్డులో కాంట్రాక్టు కింద మూడేళ్లు, నా దగ్గరున్న విద్య అంతే. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన క్యాంప్‌బెల్‌ఫీల్డ్ అని ఉంది. మన ఆటోనగర్ లాంటిదే, షెడ్డు పక్కన షెడ్డు. వాటిలో కారవాన్లు కట్టేవి చాలా ఉన్నాయి. ఒక దాంట్లో ఛాసిస్ వెల్డింగుకి చేరాను. నాలుగేళ్లు అదే ఛాసిస్, అదే కొలత. అక్కడే ఒక ఇటలీ వడ్రంగి పరిచయమయ్యాడు, మా నాన్న ఈడువాడు. మనమే సొంతంగా చేద్దామా అన్నాడు. షెడ్డు అద్దెకి తీసుకున్నాం. ఇనుము నాది, చెక్క ఆయనది. మొదటి ఏడాది ఇల్లు గడిచింది మా ఆవిడ నైట్ డ్యూటీల మీద.

చేయించుకునేవాళ్లు కాగితం మీద గీసుకుని వస్తారు. కాగితం మీద అన్నీ పడతాయి. అందుకని నేను షెడ్డు నేల మీద రంగు టేపుతో బండి మొత్తం అసలు కొలతల్లో గీస్తాను. ఇది నా తెలివి కాదు. ఓడ గీతల్ని నేల మీద పూర్తి సైజులో గీసే పెద్ద హాలు ఉంటుందని, దాన్ని మౌల్డ్ లాఫ్ట్ అంటారని నాన్న చిన్నప్పుడు చెప్పేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ ఆ గీతల్లోకి వచ్చింది. ఎక్కడినుంచైనా అడుగు పెట్టొచ్చు కదా, చుట్టూ తిరిగి గుమ్మం గీసినచోటు నుంచే వచ్చింది! మంచం గీతల మధ్య పడుకుని, వాళ్లాయన్నీ పక్కన పడుకోమంది. కాసేపు పైకి చూసి, "రాత్రి బాత్రూముకి లేస్తే ఈయన్ని దాటుకుని దిగాలా?" అంది. మంచాన్ని అడ్డం నుంచి నిలువుకి తిప్పాం. తిప్పేసరికి ఒక అల్మరా ఎగిరిపోయింది, బండి 400 మిల్లీమీటర్లు పెరిగింది. టేపు పీకి మళ్లీ అతికించడానికి పది నిమిషాలు. అదే గోడలు లేచాక అయితే రెండు వారాలు.

అడ్డం మంచాన్ని అక్కడ ఈస్ట్ వెస్ట్ అంటారు, నిలువుదాన్ని నార్త్ సౌత్ అంటారు. ఇది చెప్పి పొరపాటు చేశాను. "ముసలాళ్లని ఉత్తరం తలాపి పెట్టి పడుకోబెడతన్నావేటిరా?" అంది అమ్మ. బండి తిరిగినప్పుడల్లా దిక్కు మారిపోతుందన్నాను. ఆమెకి నచ్చలేదు.

నాన్న షిప్‌యార్డులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. మా వైపు పాతవాళ్లు షిప్‌యార్డు అనరు, సింధియా అంటారు. 1941లో దాన్ని మొదలుపెట్టిన కంపెనీ పేరు ఊరికి ఉండిపోయింది. నాన్న అడిగింది ఒక్కటే. "ముందుకి ఎంత బరువు పెడతారు?"

సరిగ్గా అక్కడే ఉంది పనంతా. మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు కొక్కెం మీద పడాలి. మరీ తగ్గితే వేగంలో బండి పాములా ఊగుతుంది, ఊపు ముదిరితే కారునీ తిప్పి పడేస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. "ఎడ్లబండే కదరా" అన్నాడు నాన్న. అవును. గడ్డి వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకి వేస్తే ఎడ్ల మెడలు వంగిపోతాయి.

కాకపోతే ఎడ్లబండిలో 95 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండు ఉండవు. నిండితే 190 కిలోలు, వాడేసరికి సున్నా. అందుకే వాటిని ఇరుసు దగ్గరికి పెడతాం. అంతా అయ్యాక వెనక చివర రెండు సైకిళ్లకి స్టాండు అడుగుతారు. అంత దూరాన వేలాడే 40 కిలోలు ముందు కొక్కెం మీది బరువుని లేపేస్తాయంటే, వేరే షెడ్డులో పెడతామన్నారే అంటారు. అక్కడే పెట్టించుకోండి అని ఈమధ్య అనగలుగుతున్నాను. మొదట్లో నోరు రాలేదు.

ఇక నీళ్ల సంగతి. మా మూడో బండి ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగొచ్చింది. అవి ముడతల రేకులా గట్లుగట్లుగా ఉంటాయి, వందల కిలోమీటర్లు ఒకటే అదురు. మంచం పక్క గోడ లోపలి ప్లై ఉబ్బింది, వేలితో నొక్కితే అరటిపండులా దిగింది. పైపుతో గంటసేపు నీళ్లు కొట్టాం. లోపల చుక్క కనిపించదు. నీళ్లు దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. రెండు రోజులు పోయాయి. ఆదివారం వాట్సాప్‌లో నాన్నతో ఊరికే అన్నాను.

"బయట నుంచి నీళ్లు కొడితే ఏటి తెలుస్తాది? లోపల గాలి పెట్టు, బయట సబ్బునీళ్లు రాయి. ట్యాంకులకి మేం చేసిందదే కదా."

పైకప్పు కిటికీకి బ్లోయర్ బిగించి, తలుపు సందులకి టేపు వేసి, బకెట్లో సబ్బు కలిపి బ్రష్షుతో రాసుకుంటూ పోయాను. కిటికీ కుడి పైమూల, స్క్రూ తల కింద, ఆవగింజంత బుడగ. ఉబ్బి పగిలింది. మళ్లీ ఉబ్బింది. ఆ కిటికీ బిగించింది నేనే. గోడ మొత్తం విప్పి కొత్తది వేశాం, మూడు వారాలు, ఒక్క డాలరు తీసుకోకుండా. కారవాన్లకి అచ్చం ఇలాగే గాలి పెట్టి చూసే యంత్రాలు అమ్ముతారని తర్వాత తెలిసింది. "యంత్రం దేనికి?" అన్నాడు నాన్న.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తాను. ఏడాదికి నాలుగు బండ్ల వరకు చిన్నవాళ్లకి కాగితాల పని తేలిక. అయిదోది చేస్తే టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వ అనుమతి, కావాలి, ఆ ఖర్చు మాలాంటి ఇద్దరికి కాదు. గ్యాసూ, 230 వోల్టుల కరెంటూ లైసెన్సు ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. ఏడాది పొడుగునా టెన్షన్ పడితే మిగిలేది ఫ్యాక్టరీ జీతం కంటే కొంచెం ఎక్కువ. కొంచెమే.

"ఇక్కడొకటి చెయ్, అరకు పోదాం" అన్నాడు బావ. అనంతగిరి మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సొస్తే ఎవరు వెనక్కి తీస్తారు? ట్రెయిలర్‌ని రివర్సు చేయాలంటే స్టీరింగు ఉల్టా తిప్పాలి. బావకి మామూలు కారే రివర్సు రాదు.

బయల్దేరే ముందు రోజు రాత్రి నాన్న నా ఫోన్లో కొత్త బండి ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "కిటికీ పైన నీళ్లు జారడానికి రేకు ఏదిరా?" సీలెంటు ఉంది, సరిపోతుందన్నాను. ఆయన ఏమీ అనలేదు. మా ముందుగది కిటికీ పైన, బయట వైపు, వంచి కొట్టిన రేకు ముక్క కేసి చూశాడు. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, ఆ కిటికీ సందులో నేనూ ఆయనా పాత లుంగీలు కుక్కుతూ కూర్చున్నాం. ఆ వారంలోనే కొట్టాడు ఆ రేకు.

ఇటలీ ఆయనకి మెసేజ్ పెట్టాను, వచ్చే బండి నుంచి కిటికీల మీద రేకు వేద్దామని. వెంటనే జవాబొచ్చింది.

"రెండేళ్ల నుంచి నేను చెప్తున్నది అదే కదా."