నీకేం, నువ్వు గట్టిదానివి

పదకొండున్నర దాటింది. అత్తయ్యని ఇప్పుడే పక్కకి తిప్పి పడుకోబెట్టాను. రెండింటికి మళ్ళీ లేవాలి. అసలైతే ఈపాటికి నేనూ నడుం వాల్చాలి. కానీ సాయంత్రం ఫోన్లో విన్న మాట ఒకటి బుర్రలోంచి పోవట్లేదు.

మా ఆడపడుచు చేసింది. వాళ్ళమ్మ సంగతులు అడిగింది, చెప్పాను. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచారనీ, రాత్రయితే తుంటి నొప్పితో మేలుకునే ఉంటున్నారనీ చెప్పాను. నాకూ నిద్ర ఉండట్లేదు అన్నాను. ఈ ఆఖరి మాట చెప్పనా వద్దా అని చాలా తటపటాయించి చెప్పాను. తను విని, "నీకేం వదినా, నువ్వు గట్టిదానివి. నా వల్లయితే అయ్యేది కాదు" అంది. తర్వాత హైదరాబాద్ ట్రాఫిక్ మీదకి వెళ్ళిపోయింది. ఫోన్ పెట్టేశాక వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మ వచ్చింది. కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయట.

తను చెడ్డది కాదు. ఎప్పుడూ నా రాతలు చదివేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. అత్తయ్య పడిన దగ్గర్నుంచీ అందరి నోటా ఇదే. బడిలో ఇన్విజిలేషన్ డ్యూటీలు వేసేటప్పుడు "మేడమ్ మేనేజ్ చేసుకుంటారులెండి" అని నాకు ఒకటి ఎక్కువ వేశారు. ఈయన వారమంతా బొబ్బిలిలో ఉంటారు, శనివారం రాత్రి వచ్చి "నువ్వున్నావని నాకు ధైర్యం" అంటారు. అందరూ మెచ్చుకుంటూనే మొదలుపెడతారు. చివరికొచ్చేసరికి బరువు నా నెత్తిమీదే ఉంటుంది. గట్టిదానివి అన్నాక ఇక తిన్నావా, పడుకున్నావా అని అడిగే పని వాళ్ళకి ఉండదు. అడిగితే నేను లేదని చెబుతానేమో, అప్పుడేదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కదా.

మొన్న టీచర్లందరికీ మానసిక ఆరోగ్యం మీద ఒక పూట శిక్షణ పెట్టారు. వచ్చినాయన ఎక్కువసేపు పాజిటివ్ ఆలోచనల గురించే చెప్పారు. మన ఆలోచనే మన సమస్య అన్నారు. నా సమస్య రాత్రి నాలుగు గంటల నిద్ర. దానికి ఏ ఆలోచన మార్చుకోను? హవాయి దీవుల్లో చేసిన ఒక పరిశోధన గురించి మాత్రం నిమిషంలో చెప్పి దాటేశారు. నాకేమో అది ఇంకా వినాలనిపించింది. కవాయ్ దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడా, ఆవిడతో పనిచేసినవాళ్ళూ నలభయ్యేళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇలా అన్ని ఇబ్బందుల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలాంటి పిల్లలకి తమని పట్టించుకునే పెద్దవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉన్నారని తేలింది. తల్లీ తండ్రీ కానక్కర్లేదు, మామ్మో, టీచరో, పక్కింటావిడో. ఇంత మంచి విషయం ఒక్క స్లయిడ్‌లో ముగించేసి, మళ్ళీ అద్దంలో చూసుకుని "నేను బలవంతుణ్ణి" అనుకోమన్నారు.

ఈ గట్టి మనిషి అనే మాటని నేను మొదట విన్నది మా నాన్న విషయంలో. తిత్లీ తుపాను అప్పుడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఫోన్లు పోయాయి. రోడ్ల మీద చెట్లూ స్తంభాలూ తీసేదాకా మేము ఇక్కణ్ణుంచి కదల్లేకపోయాం. మా పుట్టిల్లున్న ఉద్దానానికి, అదే పలాస వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతానికి, వెళ్ళేసరికి అది నాకు తెలిసిన ఉద్దానం కాదు. చిన్నప్పుడు బస్సు దిగితే ఆకాశం కనపడేది కాదు, అంత కొబ్బరి. ఆ రోజు మా వీధి చివర నుంచుంటే సముద్రం దాకా చూపు ఆగలేదు. కరెంటు లేదు, మోటార్లు తిరగవు, నీళ్ళు లేవు. పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకుని ఆ నీళ్ళే తాగారు. జనరేటర్ తెచ్చినవాడి దగ్గర డబ్బులిచ్చి ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నారు.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. వచ్చినవాళ్ళందరూ ఆయన గట్టి మనిషి, తట్టుకుంటాడు అని వెళ్తున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయనలా ఉండాలి, ఆ తరం మనసులు వేరు, మనమే మరీ సుకుమారం అని ఎన్నిసార్లు మా చిన్నదానికి చెప్పానో.

ఇవాళ ఫోన్ పెట్టేశాక పెరట్లో బట్టలు తీస్తుంటే, అమ్మ తర్వాతెప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. మొదటి రాత్రుళ్ళు ఆయన నిద్రపోలేదట. చీకట్లో తోటలోకి వెళ్ళి, పడిన చెట్ల మీద చెయ్యి వేసి తడుముకుంటూ తిరిగేవారట. నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు కావాలి. జీడి మూడు నాలుగేళ్ళకే పూత పట్టినా నిండు కాపుకి ఇంకా ఆగాలి. అరవై దాటిన మనిషి ఆ లెక్క వేసుకుంటూ తిరుగుతున్నాడు. పగలేమో మేమందరం ఆయన ధైర్యం గురించి చెప్పుకుంటున్నాం.

మరి ఆయన్ని లేపింది ఎవరంటే, ఎదురింటి బావ. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి పలకరింపు లేని మనిషి. ఒక పొద్దున రెండు చేతుల రంపం పట్టుకుని వచ్చాడు. మిషన్ రంపాలు దొరకట్లేదు అప్పుడు. "ఏటి బావా, నువ్వే ఇలగైపోతే ఎలగ? నువ్వు గట్టోడివి. లెగు, ఆ కొస పట్టుకో" అన్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దారికి అడ్డంగా పడిన చెట్టు ఒకటి కోశారు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. నాన్న లాగినప్పుడు బావ వదులుతున్నాడు, బావ లాగినప్పుడు నాన్న వదులుతున్నాడు. తడి రంపప్పొట్టు ఇద్దరి పాదాల మీదా పడుతోంది. మాటల్లేవు. ఎండెక్కాక ఆపేసి, స్నానం చేసి, నాన్న ఆ రోజు కడుపునిండా తిన్నారు.

అమ్మకేమో వీధి చివరి ముసలమ్మ. అడ్డచుట్ట నోట్లో పెట్టుకుని పొద్దస్తమానం మా వంటింటి గడప మీద కూర్చునేది. అమ్మ కంచం పక్కకి నెడితే చుట్ట తీసి "ఓలమ్మా, నువ్వు తినకపోతే చెట్లు లెగుస్తాయేటి?" అని మళ్ళీ ముందుకి జరిపేది.

ఇంత రాశాక నా కోపం కొంచెం పక్కకి జరిగింది. గట్టిదానివి అనే మాట అసలు ఎవరూ అనకూడదని రాద్దామనే కూర్చున్నాను. కానీ బావ అన్నదీ అదే మాట. నాన్న ఆ మాటకే లేచారు. కాకపోతే అన్నవాడి చేతిలో రంపం రెండో కొస ఉంది.

శిక్షణలో ఆయన నేర్పిన ఊపిరి పద్ధతిని మాత్రం నేను కాదనను. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలడం. వదిలే ఊపిరి పొడవైతే గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. రాత్రి రెండింటికి అత్తయ్య పిలిచినప్పుడు, మంచం దిగే ముందు అలా చేస్తే విసుగు మాటలోకి రాకుండా ఆగుతోంది. 14416 నంబరు కూడా బోర్డు మీద రాశారు, టెలీ మానస్ అని. 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫ్రిజ్ మీద అంటించాను. రెండో కొస పట్టుకునే మనిషి లేనివాళ్ళు మా స్టాఫ్ రూములోనే ఉన్నారని నాకు అనుమానం.

ఒక మంచి కూడా జరిగింది ఇవాళ. మేడమీద అద్దెకున్న అమ్మాయి వచ్చి "ఆంటీ, మీరు కాసేపు పడుకోండి, మామ్మగారి దగ్గర నేనుంటాను" అంది. ముప్పావుగంట పడుకున్నాను.

ఆడపడుచుకి రేపు తిరిగి ఫోన్ చేస్తాను. నిద్ర లేదు అని ఊరుకోకుండా, దసరా సెలవుల్లో వారం రోజులు వచ్చి రాత్రుళ్ళు వాళ్ళమ్మ దగ్గర పడుకోమని అడుగుతాను. రాలేనంటే రాత్రికి ఒక ఆయాని పెడదాం, ఖర్చులో సగం నువ్వు పెట్టుకో అంటాను. బడిలో ఆ ఎక్కువ డ్యూటీ సంగతీ సోమవారం తేల్చుకోవాలి.

ఆదివారం ఈయన ఇంట్లోనే ఉంటారు. ఆమదాలవలసలో రైలెక్కి పలాస వెళ్ళొస్తాను. తుపాను తర్వాత నాటిన కొబ్బరికి గెలలు దిగాయని నాన్న చెప్పి చాలా రోజులైంది, ఇంకా చూడలేదు. చీకట్లో చెట్లు తడుముకుంటూ తిరిగిన రాత్రుల గురించి ఆయన్ని నేను ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు. ఈసారి అడుగుతాను. ఎలా ఉన్నావమ్మా అని ఆయన అడిగితే, బాగానే ఉన్నాను నాన్నా అని మాత్రం అనను.