వెనక సీటు బెల్టు ఎక్కడుందో ఒకసారి వెతకండి

మన తిరుపతిలో కొత్త కారు ఇంటికి రాగానే మొదట చేసే పని సీటు కవర్లు వేయించడం. షాపువాళ్లు వెనక సీటు బెల్టు దోపే బకిల్స్‌ని కవర్ కిందికి తోసేసి పైన ముడత లేకుండా లాగి కట్టేస్తారు, ఓనరు కూడా చూసి భలే నీట్‌గా ఉందంటాడు, ఇంక ఆ బండి అమ్మేదాకా వాటి మొహం చూసేవాడుండడు. బకిల్ దగ్గర కవర్‌కి చిన్న కంత కోయడం ఎంతసేపు పని? అడిగితే వాళ్లే చేసిపెడతారు. మనం అడగం, అంతే.

అడగనిదెందుకంటే, వెనక కూర్చునేవాళ్లకి బెల్టెందుకనే మాట మన దగ్గర ఇంకా గట్టిగా నడుస్తోంది. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది పాల్ఘర్ దగ్గర, ఖరీదైన బెంజి కారులో. కారులో ఉన్నది నలుగురు, ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు, వెనకున్న ఇద్దరూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. డబ్బున్నోళ్ల బండి, ఎయిర్‌బ్యాగులు, అన్నీ ఉన్నాయి మరి.

కాణిపాకం పోయేటప్పుడు మా పెద్దమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని "నేను పట్టుకోనుండా కదరా, యాడికి పోతాది బిడ్డ" అంటుంది. పూతలపట్టు వైపు హైవేలో అందరూ ఎనభై తొంభైలో పోతారు, ముందు లారీ ఉన్నట్టుండి ఆగి మనం దాన్ని గుద్దితే బండి ఆగుతుంది గానీ లోపల మనిషి ఆగడు, అదే స్పీడులో ముందుకి పోతాడు. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో చేతులకి వందల కిలోల బరువు. పెద్దమ్మ బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది, ముందు సీట్లో బుద్ధిగా బెల్టు పెట్టుకున్న డ్రైవరు వీపు మీద కూడా.

ఇంక బెల్టు పెట్టుకోకపోతే వచ్చే బీప్ బీప్ మోత ఆపడానికి డబ్బు పెట్టి ఉత్త క్లిప్పు కొని బకిల్‌లో దోపే తెలివికి ఒక దండం. ఆన్‌లైన్‌లో అవి అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల సంస్థే ఆదేశించింది. ఎయిర్‌బ్యాగ్ ఉందిలే అనుకుంటే అది బెల్టుకి తోడే గానీ దానికి బదులు కాదు.

బెల్టు లేకపోతే ఫైను వెయ్యి రూపాయలు, వెనక సీటుకి కూడా, పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టు పెట్టకపోయినా అంతే. కడుపుతో ఉన్నవాళ్లు కింది పట్టీని పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీదికి వచ్చేట్టు పెట్టుకోవాలి. చీర నలుగుతుందని పై పట్టీని చంక కిందికి తోసేవాళ్లున్నారు, అట్లా చేస్తే దెబ్బ పక్కటెముకలకి తగులుతుంది.

రేణిగుంట ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ మాట్లాడేటప్పుడు, సామాను డిక్కీలో పెట్టకముందే వెనక బెల్టు చూపించమనండి. "లేదు సార్, ఎవరూ అడగరు" అంటే ఇంకో బండి చూసుకోండి, అక్కడ బళ్లకేం కరువు లేదు.