తేమ తూకం

నా మెడ వెనక నలుపును మూడేళ్లు సున్నిపిండితో రుద్దాను. ఎండకు కమిలిందనుకున్నాను, గొలుసు రాపిడి అనుకున్నాను. 2023 ఆగస్టులో మోకాళ్ల నొప్పులకని వెళ్తే డాక్టరుగారు మోకాళ్ల కంటే ముందు మెడ చూశారు. "ఇది మురికి కాదమ్మా, రుద్దితే పోయేది కాదు. రేపు పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి" అన్నారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు మెడ దగ్గర, చంకల్లో చర్మం అలా నల్లగా, మందంగా తయారవుతుందని ఆ రోజే నాకు తెలిసింది.

పరగడుపు షుగర్ 148. గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.8. అది ఆరున్నర, ఆపైన ఉంటే షుగర్ వ్యాధి కిందే లెక్క. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని, గ్రేడ్ 2 అని వచ్చింది. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 84.6 కిలోలు. అప్పటికి నాకు 42 ఏళ్లు. రాజమండ్రిలో టీచరుగా పని చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మా అమ్మ షుగర్‌తో కాలి వేలు పోగొట్టుకుంది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ కాలే కళ్ల ముందు మెదిలింది.

డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా రాశారు. "మందు దాని పని అది చేస్తుంది. మీరు ఉన్న బరువులో పదో వంతు తగ్గించగలిగితే కాలేయం తేరుకుంటుంది, షుగర్ కూడా దారికి వస్తుంది" అన్నారు. పదో వంతంటే ఎనిమిదిన్నర కిలోలు. వారం తిరక్కుండానే బరువు చూసుకునే డిజిటల్ మిషన్ కొన్నాను.

మొదట తొందరపడ్డాను. తెలిసినావిడ ఒకరు డబ్బా పొడి అమ్ముతుంటే కొని, రెండు పూటలు అన్నం మానేసి అదే కలుపుకుని తాగాను. తొమ్మిది రోజుల్లో 3.8 కిలోలు తగ్గాను! స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకున్నాను. పదో రోజు క్లాసులో కళ్లు తిరిగి బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పొడి మానేశాను. వారంలో మూడు కిలోలు తిరిగొచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టరుగారు చెప్పాకే విషయం అర్థమైంది. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం కొంత కాలేయంలో, కండల్లో నిల్వ ఉంటుందట. ప్రతి గ్రాము నిల్వతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే. దానితో నీరూ పోతుంది. మళ్లీ తినగానే రెండూ తిరిగొస్తాయి. అంటే నేను స్టాఫ్‌రూములో చెప్పుకున్నది చాలావరకు నీళ్ల గురించే.

ఆ తర్వాత బుద్ధిగా మొదలుపెట్టాను. అన్నం మధ్యాహ్నం ఒక్క పూటే, అదీ కప్పుతో కొలిచి. పొద్దున పెసరట్టు, రాత్రి జొన్నరొట్టె, కూర, పల్చని మజ్జిగ. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నలభై నిమిషాల నడక, రాత్రి తిన్నాక డాబా మీద పదిహేను నిమిషాలు. ఇదంతా అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. కానీ నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువ కష్టపెట్టింది తిండీ కాదు, నడకా కాదు, ఆ మిషనే.

రోజూ అయిదున్నరకు లేచి, బాత్రూముకు వెళ్లొచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా దాని మీద నిలబడేదాన్ని. అంకె తగ్గితే ఆ రోజు పిల్లలకు పాఠం ఎంతో హుషారుగా చెప్పేదాన్ని. పెరిగితే ఇంట్లో చెంచా కింద పడినా విసుక్కునేదాన్ని. తప్పేమీ చేయని రోజు మర్నాడు అరకిలో పెరిగేది. పెళ్లిలో పులిహోర తిన్న మర్నాడు కదిలేదే కాదు, రెండు రోజులు ఆగి పెరిగేది. దానికొక న్యాయం లేదనిపించేది. ఒకసారి మిషన్‌ని బండల మీద నుంచి టైల్స్ మీదికి జరిపితే ముప్పావు కిలో తేడా వచ్చింది. అప్పటి నుంచి నేల మీద సుద్దతో గీత గీసి అక్కడే పెట్టాను. అది తేలిగ్గా తీరిన సమస్య.

తీరని సమస్య సంక్రాంతికి వచ్చింది. 2024 జనవరి 12న నేను 79.4. అయిదు నెలల్లో అయిదు కిలోల పైన తగ్గాను. భోగి నాటికి కోనసీమలో మా పుట్టింటికి వెళ్లాం. అరిసెలు, గారెలు, నాటుకోడి పులుసు, బొబ్బట్లు, ప్రతి పూటా ఆవకాయ. ఎక్కువే తిన్నాను, దాచుకోను. కానీ మరీ ఒళ్లు తెలియకుండా తినలేదు. నాన్న కళ్ల డాక్టరుకు చూపించుకోవాలని మాతోపాటే రాజమండ్రి వచ్చారు. 18వ తేదీ పొద్దున మిషన్ ఎక్కితే 81.8!

దిగి మళ్లీ ఎక్కాను. అదే అంకె. మూడు రోజుల పండక్కి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. చెప్పులు వేసుకున్నదాన్ని విప్పేసి నడకకు వెళ్లకుండా కూర్చున్నాను. మావారితో "ఇక నా వల్ల కాదండీ. నా ఒళ్లింతే. మందులు పెంచుకుని బతుకుతాను" అన్నాను. ఏడుపు ఆగలేదు. అమ్మలాగే నాకూ జరుగుతుందని ఆ క్షణం గట్టిగా నమ్మాను.

హాల్లో కాఫీ తాగుతున్న నాన్న అంతా వింటున్నారు. కాసేపాగి పిలిచారు.

"అమ్మడూ, ఇలా రా. మొన్న డిసెంబరులో మన ధాన్యం సంగతి గుర్తుందా?"

గుర్తుంది. మిచౌంగ్ తుపానుకు ఆయన కోసిన పంట కల్లంలోనే తడిసిపోయింది. రోడ్డు పక్కన బరకాలు పరిచి రోజుల తరబడి ఆరబెట్టారు.

"కొనుగోలు కేంద్రంలో కాటా వేసేముందు ఏం చూస్తారు? తేమ చూస్తారు. పదిహేడు శాతం దాటితే బస్తా ముట్టుకోరు, ఆరబెట్టుకు రమ్మంటారు. తడిసినప్పుడు నా బస్తా బరువెక్కింది. ధాన్యం పెరిగిందా? ఎండలో పోస్తే బరువు తగ్గింది. ధాన్యం ఎక్కడికైనా పోయిందా? నువ్వు కాటా ఒక్కటే చూస్తున్నావమ్మా, తేమ సంగతి చూడట్లేదు."

నాన్న చదివింది అయిదో తరగతి. పంట తడిసి నష్టపోయిన ఏడాది అది. ఆ నష్టంలోంచే ఆ మాట తీసి నా చేతిలో పెట్టారు. ఆయన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ పూట నడకకు వెళ్లలేదు గానీ, సాయంత్రం గట్టు మీదికి ఇద్దరం కలిసి వెళ్లాం.

తర్వాతి వారం డాక్టరుగారు అదే విషయం లెక్క కట్టి చూపించారు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే మన అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రెండు కిలోల నాలుగు వందలకు పద్దెనిమిది వేల పైమాటే. "మూడు రోజుల్లో అంత మీరు తినగలరా? ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, తీపి కూడా నీటిని తెచ్చుకుంటాయి. తిన్నది పేగుల్లో ఉన్నంతసేపూ దాని బరువూ మీదే" అన్నారు. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. మా పండగ రోజుల ఆవకాయ, అప్పడాలు, వడియాలు తలుచుకుంటే నేను దానికి ఎన్ని రెట్లు తిన్నానో లెక్కేయడానికే భయమేసింది. 24వ తేదీకి నా బరువు 79.6. ఆ వారం నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, మామూలు తిండికి వచ్చానంతే.

అప్పటి నుంచి వంటింటి గోడ మీది క్యాలెండర్లో రాయడం మొదలుపెట్టాను. తిథి, వర్జ్యం ఉన్న గడిలోనే కింద బరువు, దాని పక్కన కారణం. 'ఆవకాయ'. 'నిద్ర లేదు'. 'రెండు రోజులుగా విరేచనం కాలేదు'. 'కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం కొత్తగా, తొడలు నొప్పి'. కొత్త వ్యాయామంతో నొప్పెట్టిన కండలు కూడా కొన్నాళ్లు నీరు పట్టుకుంటాయని అప్పుడే గమనించాను. ఆదివారం ఏడు అంకెలు కూడి ఏడుతో భాగించి, వచ్చినదాన్ని ఎర్ర పెన్నుతో రాసేదాన్ని. నేను పట్టించుకునేది ఎర్ర అంకె ఒక్కటే.

మూడు నెలలు రాశాక ఇంకొకటి తేలింది. నెలసరికి అయిదారు రోజుల ముందు నేను ప్రతిసారీ కిలో పైన పెరుగుతున్నాను, వచ్చిన రెండో మూడో రోజుకు అది పోతోంది. అంతకుముందు ప్రతి నెలా ఆ వారమే మిషన్‌తో పోట్లాడి, దిగులుపడి, రాత్రి స్వీటు తినేదాన్నని అర్థమైంది. ఈ విషయం ఆడవాళ్లకు ఎవరూ ఎందుకు చెప్పరో నాకిప్పటికీ బాధే. ఈ నెల ఆ వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి గానీ, నిన్నటితో కాదు.

అయితే ప్రతిదీ తేమ మీదికి నెట్టేయడం కూడా కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్ర అంకె ఎనిమిది వారాలు 76.8 దగ్గరే ఆగిపోయింది. అది నీరు కాదు. ఒళ్లు తేలికైన కొద్దీ దాని అవసరమూ తగ్గుతుంది. మొదట్లో తగ్గించిన తిండే ఇప్పుడు సరిపోయే తిండి అయింది. పైగా నేను కొలవడం మానేసినవి ఉన్నాయి. నూనె ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాసి చూస్తే, లీటరు పన్నెండు రోజులకే అయిపోతోంది! దాన్ని ఇరవై రోజులకు తెచ్చాను.

ఆ ఎనిమిది వారాలు నన్ను నిలబెట్టింది జాకెట్టు. మా టైలరు జాకెట్టు లోపల గుడ్డ వదిలి నాలుగు వరసలు కుట్టు వేస్తాడు, లావైతే ఒక్కోటీ విప్పుకోవడానికి. ఏళ్ల తరబడి నాలుగూ విప్పేసుకున్నదాన్ని. మేలో పెళ్లికని పాత పట్టుచీర తీస్తే దాని జాకెట్టు వదులై భుజం జారింది. టేపుతో చూస్తే 104 సెంటీమీటర్ల నడుము 99కి వచ్చింది. మిషన్ కదలని రోజుల్లోనూ నడుము తగ్గుతూనే ఉందన్నమాట. సూదీ దారం తీసుకుని మొదటి వరస కుట్టు తిరిగి వేసుకున్నాను. ఆ సంతోషం నాకు ఏ అంకెతోనూ రాలేదు.

జూలైలో వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజులు మంచం మీదే ఉన్నాను. నీరసంగానే వెళ్లి మిషన్ ఎక్కితే 2.1 కిలోలు తగ్గాను. నాకు తెలియకుండానే ముఖం విప్పారింది. మావారు చూశారు. "సెలైన్ ఎక్కించుకుని వచ్చావు, దానికి సంబరమా?" అన్నారు. అంత కోపంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఒంట్లో నీరు లేక పెదవులు పగిలిపోయి ఉన్నాయి, మెట్‌ఫార్మిన్ కొన్ని రోజులు ఆపమని డాక్టరుగారు చెప్పారు, నేనేమో అంకె చూసి మురిసిపోతున్నాను. పెరిగినప్పుడు నమ్మకూడదని నేర్చుకున్నదాన్ని, తగ్గినప్పుడు మాత్రం వెంటనే నమ్మేశాను. నాలుగు రోజులకు ఆ రెండు కిలోలూ తిరిగొచ్చాయి. ఈసారి రావాలనే కోరుకున్నాను.

ఇంకో సంగతి రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు, కానీ రాయాలి. ఆగస్టులో, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి వరసగా రెండు రాత్రులు అన్నం వద్దంది. మూడో రోజు ఆరా తీస్తే, "ఆరు వందల గ్రాములు పెరిగానమ్మా" అంది. పదహారేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది. ఏడాదిగా నన్ను చూస్తూ నేర్చుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని నా క్యాలెండర్ అంతా చూపించాను, తాతయ్య చెప్పిన మాట చెప్పాను, నేను ఏడ్చిన పొద్దున గురించీ చెప్పాను. ఆ రోజే మిషన్ తీసి బీరువాలో పెట్టాను. ఇప్పుడు తను కాలేజీకి వెళ్లాకో, నిద్ర లేవకముందో బయటికి తీస్తాను. అంకె ఇంట్లో ఎవరితోనూ అనను.

2024 డిసెంబరు నాటికి నా ఎర్ర అంకె 71.6. పదమూడు కిలోలు తగ్గాను. మేము కొనే 26 కిలోల బియ్యం బస్తాలో సగం. హెచ్‌బీఏ1సీ 5.9, మెట్‌ఫార్మిన్ ఒక పూటకు తగ్గింది. స్కానింగులో కాలేయం గ్రేడ్ 1. ఇంకా తగ్గాలి, నాకూ తెలుసు. మెడ మీద నలుపు చాలావరకు పలచబడింది, పూర్తిగా పోలేదు. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి పెట్టడం లేదు. అసలు డాక్టరు దగ్గరికి మొదట వెళ్లింది దాని కోసమే కదా.

మొన్న మరిది కొడుకు పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు 72.9 చూపించింది. గడిలో 'పెళ్లి భోజనం, అప్పడాలు' అని రాసి, బీరువా తలుపు వేసి, చెప్పులు వేసుకుని గట్టు మీదికి వెళ్లాను. మధ్యలో ఉండగా నాన్న ఫోను చేశారు. ఈసారి వాన పడకముందే నూర్పిడి అయిందట, తేమ పదహారే వచ్చిందట, కాటా కూడా వేసేశారట. గొంతులో సంతోషం తెలుస్తోంది.

"నీ తేమ ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"ఇవాళ కొంచెం ఎక్కువే నాన్నా, నిన్న పెళ్లి" అన్నాను.

"రెండు రోజుల్లో ఆరుతుందిలే" అన్నారు.