16లో 7 పోయి, 9 పోయి

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా పాచికలు వేస్తూ ఆడే పాత్‌ఫైండర్ ఆట ఆ రాత్రి ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. ఫైటర్ (యోధుడి పాత్ర) స్ట్రెంత్, అంటే బలం స్కోరు, 16. అవతలి మాంత్రికుడు ఆరో లెవెల్‌వాడు, పోరు మొదటి రౌండ్‌లోనే ఫైటర్ మీద రే ఆఫ్ ఎన్‌ఫీబుల్‌మెంట్ అనే బలం తగ్గించే మంత్రం వేశాడు. పాచికలో 4 పడింది, లెవెల్‌ని బట్టి ఇంకో 3 కలిసి మొత్తం 7. మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక, అంటే ఫోర్టిట్యూడ్ సేవ్, తప్పింది కాబట్టి అందులో సగం కూడా తగ్గలేదు. ఆ వెంటనే గోడలోంచి షాడోలనే నీడ దయ్యాలు బయటికొచ్చాయి. వాటి చేతికి మామూలు కవచం అడ్డు కాదు. తాకితే చాలు, 1 నుంచి 6 దాకా స్ట్రెంత్ డ్యామేజ్. మూడుసార్లు తాకాయి: 4, 2, 3.

16లో 7 పోయి, 9 పోయి, సున్నా. షాడో దెబ్బకి స్ట్రెంత్ అయిపోయిన మనిషి చనిపోతాడు, కొద్ది రౌండ్లలో తనే షాడోగా లేస్తాడు. ఆట నడిపేది నేనే. "చనిపోయాడు" అని చెప్పేశాను.

ఆ పాత్ర ఆడుతున్న మిత్రుడు ఏమీ అనలేదు. పాత్ర అంకెలు రాసుకున్న షీటు మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్లుగా ఆడుతున్న పాత్ర అది. వాడు వాదించి ఉంటే బహుశా నేనూ నా మాట మీదే నిలబడేదాన్ని. ఆ మౌనం చూశాక పుస్తకం తీయకుండా ఉండలేకపోయాను.

మేం ఆడేది పాత్‌ఫైండర్‌లో 2009 నాటి మొదటి ఎడిషన్. నాకు చేయి తిరిగింది మాత్రం అలాంటిదే ఇంకో ఆటలో, 2003లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5లో. అక్కడ డ్యామేజ్ తగిలితే స్కోరే దిగిపోతుంది. 16 కాస్తా 15 అయితే పాచికకి కలిపే మాడిఫయర్ +3 నుంచి అప్పటికప్పుడు +2. నేను చేసిన తీసివేత అక్కడి పద్ధతి. మరో మిత్రురాలు అదే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి ఐదో ఎడిషన్ నుంచి వచ్చింది. అక్కడ షాడో తాకితే పోయేది 1 నుంచి 4, చావకుండా బయటపడితే చిన్న విశ్రాంతితోనే తిరిగొస్తుంది. "కాసేపు కూర్చుంటే సరిపోదా?" అని ఆమె అడిగింది కూడా. ఒకే బల్ల దగ్గర మూడు పుస్తకాల అలవాట్లు.

పాత్‌ఫైండర్‌లో పెనాల్టీ, డ్యామేజ్, డ్రెయిన్ అని మూడున్నాయి. పైకి మూడూ ఒకటే అనిపిస్తాయి, ఎందుకంటే మూడింటి వల్లా మనిషి బలహీనపడతాడు. కానీ మొదటి రెండూ స్కోరును ముట్టుకోవు. ప్రతి 2 పాయింట్లకీ దాడి, దెబ్బ, స్ట్రెంత్ స్కిల్స్ మీద −1 పడుతుంది, అంతే. షీటు మీద 16 అలాగే ఉంటుంది. పెనాల్టీ ఎంత పెద్దదైనా దానివల్ల ఎవరూ స్పృహ తప్పరు, చావరు. డ్యామేజ్ వేరుగా పోగవుతూ ఉంటుంది. ఆ పోగు స్కోరుతో సమానమైన రోజు మనిషి పడిపోతాడు. డ్రెయిన్ ఒక్కటే స్కోరునే కోసేస్తుంది.

షాడో గురించిన పేరాలో ఒక్క మాట చూశాక నా తీర్పు తప్పని తేలిపోయింది. డ్యామేజ్‌ను "అసలు" స్ట్రెంత్ స్కోరుతో పోల్చాలని అక్కడ స్పష్టంగా ఉంది. వాడి అసలు స్కోరు 16, డ్యామేజ్ 9. ఆ 7 పెనాల్టీకి ఈ లెక్కలో చోటే లేదు. ఆ పేరా పైకి చదివి వినిపించాను, తీర్పు వెనక్కి తీసుకున్నాను, క్షమించమని అడిగాను.

బతికాడు కానీ పరిస్థితి ఏం బాగాలేదు. పెనాల్టీ 7కి −3, డ్యామేజ్ 9కి −4. ఈ రెంటినీ కలిపి 16గా చూస్తే −8 వస్తుంది. నేను విడివిడిగానే లెక్కగట్టి −7 అన్నాను. దేని నియమం దానిదే, పోయే దారి కూడా దేనిది దానిదే. ఇంకో 7 డ్యామేజ్ తగిలితే ప్రాణం పోతుంది. ఒక స్పర్శకి 6 మించదు కాబట్టి ఒక దెబ్బ తట్టుకోగలడు, రెండోదానికి హామీ లేదు.

ఇక్కడే ఆట నిజంగా రక్తి కట్టింది. క్లెరిక్ (పూజారి పాత్ర) దగ్గర లెస్సర్ రెస్టొరేషన్ అనే మంత్రం ఒక్కటే మిగిలింది. అది ఒక ఎబిలిటీని (స్ట్రెంత్ లాంటి స్కోరుని) తగ్గిస్తున్న మంత్రాన్నయినా తొలగిస్తుంది, లేదా 1 నుంచి 4 డ్యామేజ్‌నయినా మాన్పుతుంది. వేయడానికి మూడు రౌండ్లు పడుతుంది. 7 తీయడమా, మహా అయితే 4 తీయడమా? అందరూ 7 వైపే మొగ్గారు. క్లెరిక్ ఆడుతున్నామె మాత్రం వేళ్ల మీద రౌండ్లు లెక్కపెట్టింది. ఆరో లెవెల్ మాంత్రికుడి రే ఆరు రౌండ్లే ఉంటుంది, అప్పటికే మూడు అయిపోయాయి. మంత్రం పూర్తయ్యేసరికి పెనాల్టీ దానంతటదే పోతుంది. చంపేది డ్యామేజ్. ఆమె డ్యామేజ్‌నే ఎంచుకుంది, 3 పడింది, 9 కాస్తా 6కి దిగింది. ఆ బల్ల దగ్గర ఇంత చక్కటి నిర్ణయం నేను చాలా తక్కువసార్లు చూశాను.

డ్రెయిన్ అయ్యుంటే కథ వేరు. 4 డ్రెయిన్ అంటే స్కోరు నిజంగానే 12. అప్పుడు 12 డ్యామేజ్‌కే చావు. పైగా పవర్ అటాక్ అనే ఫీట్‌కి (ప్రత్యేక నైపుణ్యానికి) స్ట్రెంత్ 13 ఉండాలి కాబట్టి ఆ ఫీట్ కూడా పనిచేయదు. అదే 9 డ్యామేజ్ తిన్న మా ఫైటర్ పవర్ అటాక్ నిక్షేపంగా వాడుకోవచ్చు, స్కోరు ఇంకా 16 కదా. నిద్రపోతే డ్రెయిన్ తగ్గదు, రెస్టొరేషన్ అనే ఇంకో మంత్రం కావాలి, దానికి వజ్రాల పొడి కావాలి.

ఇప్పుడు నేనిచ్చే ప్రతి షీటు మీదా స్కోరు పక్కన మూడు గళ్లు గీస్తున్నాను. కొత్త మంత్రమో విషమో వచ్చినప్పుడు ముందు ఏ గడిలో రాయాలో తేల్చుకున్నాకే అంకె రాయనిస్తాను. ఒకే మంత్రం రెండుసార్లు తగిలితే పెనాల్టీ గడిలో పెద్దదే ఉంటుంది, కలవదు. డ్యామేజ్ గడిలో ప్రతిదీ కలుస్తుంది.

ఆ ఫైటర్ డ్యామేజ్ గడిలో ఆ రాత్రి 6 మిగిలింది. రాత్రి నిద్రకి 1 తగ్గుతుంది, రోజంతా మంచం దిగకుండా ఉంటే 2. మూడు రోజులు ఆగుదామని పార్టీ అంతా ఒప్పుకుంది. వాడు మాత్రం ఒక్క రాత్రి పడుకుని, 5తోనే బయల్దేరతానన్నాడు.